తుంగ – ముస్త – వానేయము

ముస్త యన నేమి? తుంగ. తుంగ యన నేమి? ముస్త, లేదా 'తృణవిశేషము'. మన టీకలను, నిఘంటువులను విప్పి చూచువారికిఁ దఱచుగా దొరకు సమాధాన మింతియే. 'విశేషము' అను నీ మాట మన కోశకారులకుఁ జేసిన యుపకార మింతింత గాదు. పక్షివిశేషము, వృక్షవిశేషము, మత్స్యవిశేషము అని వ్రాసినచో వ్రాసినవాఁ డసత్య మాడినట్లు గాదు. చదివినవానికిఁ దెలిసిన దేమియు నుండదు. విశేషమని చెప్పి సామాన్యమును మాత్రము చూపి విడుచుట న్యాయ మగునా? అందును తుంగ విషయమున నా చూపిన సామాన్యము సైతము సరి కాదు. తుంగ తృణము గాదు గనుక.

ఈ చర్చకుఁ గోనసీమకంటె దగిన చోటు లేదు. గౌతమీ వసిష్ఠల నడుమఁ, దక్షిణమున సముద్రము హద్దుగా నున్న యీ భూమి వైద్యులు చెప్పు అనూపదేశమునకు నిండైన యుదాహరణము. వైనతేయ పాయ రాజోలు సీమను అమలాపురపు సీమనుండి వేఱుపఱచుచున్నది. 1852లో ధవళేశ్వరపు టానకట్ట పూర్తియైన పిదపఁ గాలువల నీరు కొత్తపేట మొదలు సముద్రతీరమువఱకుఁ బ్రాఁకినది. 2022లో నీ సీమ ప్రత్యేకముగా నొక జిల్లా యైనది. వరిచేలు, కొబ్బరితోఁటలు, లంకలు, బోదెలు, గుంటలు: ఈ యైదింటను దుంగజాతి యోషధులున్నవి. పాఠశాలల దొడ్లలో సైతము నున్నవి. అయినను 'ముస్త' యని పాఠము చెప్పు పండితుఁడు కిటికీనుండి వ్రేలు చాఁచి దానిని జూపుట యరుదు.

తుంగజాతి వేఱు, గడ్డిజాతి వేఱు. కాడను జూపుడువ్రేలికిని బొటనవ్రేలికిని నడుమ నుంచి నలిపిన నీ భేదము తెలియును. గరికకాడ గుండ్రముగా జాఱును. తుంగకాడ మూఁడంచులు వ్రేళ్ళకుఁ దగులును. గడ్డికాడకుఁ గణుపు లుండును, కణుపుల నడుమఁ దఱచుగా బోలు. తుంగకాడ పువ్వు క్రిందివఱకుఁ గణుపు లేక యొకే నిడివిగా సాగును, లోపల గుజ్జు నిండియుండును. గడ్డియాకులు రెండు వరుసలుగాఁ బుట్టును. ఒక యాకు తూర్పునకైన మఱియొకటి పడమరకు. తుంగయాకులు మూఁడు వరుసలు. మొక్కను మీఁదినుండి చూచిన మూఁడు దిక్కులకు విచ్చినట్లుండును. ఇంకొక గుఱుతు సూక్ష్మమైనది, కాని మిక్కిలి నమ్మఁదగినది. ఆకుయొక్క యడుగుభాగము కాడను జుట్టుకొని తొడుగువలె నుండును గదా. గడ్డియం దా తొడుగు నిలువునఁ జీలి యొక యంచు మఱియొక యంచుపైఁ బడియుండును. తుంగయం దది చీలక గొట్టమువలె మూసికొనియుండును. గోటితో విప్పఁబోయినఁ జినుఁగును గాని విచ్చదు.

మూఁడంచులు లేనిదెల్లఁ దుంగజాతి గాదని యనరాదు. చెఱువులలో నాకు లేక పచ్చని గుండ్రని కాడలు మాత్రమే నిలిచియుండు నోషధు లిందుఁ గొన్ని కలవు. అట్లే నీటిలో నెత్తుగాఁ బెరిగినదెల్లఁ దుంగయు గాదు. జమ్ము మొదటనే తొలఁగును: దాని యాకు బల్లపఱుపై కత్తివలె నుండును, దాని కంకి గోధుమవన్నె కలిగి దూదికండెవలె నుండును. ఱెల్లు గడ్డి, వట్టివేరు గడ్డి, దర్భ గడ్డి. శ్రాద్ధమునకుఁ దెచ్చిన కట్టలో దర్భతోఁ బాటు తుంగకాడలు కలిసి వచ్చినచో, పైని జెప్పిన వ్రేళ్ళ పరీక్ష యొక్క క్షణమునఁ దేల్చును.

ఇఁక తుంగలలోఁ దుంగ, తుంగముస్తలు కాచునది. లిన్నేయసు 1753లో దీనికి 'సైపెరస్ రొటండస్' అని పేరిడెను. రెండవ పదమునకు 'గుండ్రనిది' యని యర్థము, దుంపను బట్టి వచ్చినది. జేనెఁడు మొదలు మూరెఁడువఱకు నెదుగును. ఆకులు ముదురుపచ్చనై నిగనిగలాడును, పెక్కులు మొదటనే గుమిగూడి కాడకంటెఁ బొట్టిగా నుండును. కాడ తుదను రెండు మొదలు నాలుగు వఱకుఁ బత్రములు విచ్చి, వాని నడుమనుండి పొట్టివియుఁ బొడుగువియు నైన కొమ్మలు గొడుగుపుల్లలవలె వెడలును; ఒక్కొక్క కొమ్మకొనను సన్నని చిఱుకంకులు ఎఱుపుగలసిన గోధుమవన్నెతో నుండును. ఈ వన్నెయే దూరమునుండి దీనిని జూపును. అయినను నిర్ణయము మాత్రము నేలలోనే యున్నది. మొక్కను బీఁకరాదు, త్రవ్వవలెను. బీఁకినఁ జేతికి వచ్చునది మొదటి యుబ్బు మాత్రమే; ముస్తలు నేలలో నుండిపోవును. త్రవ్వినచో మొదటినుండి తీఁగెవంటి సన్నని గట్టి వేరు ప్రక్కకు సాగి, యొక దుంప, మఱల వేరు, మఱియొక దుంప, ఈ తీరున జపమాలవలెఁ గానవచ్చును. దుంప పైని నల్లనై పొలుసులు గలిగి, లోపలఁ దెల్లనై యుండును. నమలినఁ జేఁదు, కోసినఁ బరిమళము.

కోనసీమలోఁ దఱచుగాఁ బొరపాటు గలుగుచోటు కొబ్బరితోఁట. ముస్తతుంగకు నెండ గావలెను. చెట్లు దగ్గఱగాఁ బెరిగి నీడ చిక్కనైన కొలఁది నది పలుచఁబడును. ఆ చోటు నాక్రమించు మఱియొక చిన్న తుంగ కలదు. దానికిని మూఁడంచుల కాడయే, మూఁడు వరుసల యాకులే. కాని కాడకొనను గొడుగుపుల్లలు లేవు. బటాణిగింజకు లోఁబడిన యొక తెల్లని గుండ్రని తల మాత్రమే యుండును, ఒక్కొక్కప్పుడు దాని ప్రక్కను మఱి యొకటి రెండు చిన్న తలలు. ఆ తలక్రింద మూఁడో నాలుగో పొడవైన పత్రములు నలుదెసలకుఁ జాఁగి, వ్రాలుచుండును. తేమగల తోఁటలో నుదయమునఁ జూచినచోఁ బచ్చని నేలపైఁ దెల్లని పూసలు చల్లినట్లు కనఁబడును. దీనిని శాస్త్రజ్ఞులు 'కిల్లింగా నెమొరాలిస్' అందురు. 1688లో డెన్మార్కు దేశపు టోషధులఁ గూర్చి గ్రంథము వ్రాసిన పేడర్ కిల్లింగ్ అను నాతని పేరు మొదటి పదమున నున్నది. రెండవ పదమును 1772–1775 నడుమఁ గుక్కు నావికునితో దక్షిణసముద్రములఁ దిరిగిన ఫార్‌స్టర్లు, తండ్రియుఁ గొడుకును, పెట్టిరి. 'తోఁపులలో నుండునది' యని దాని యర్థము. ఇటీవలివారు కిల్లింగా యను విభాగమును సైపెరస్ లోనే కలిపివేయుచున్నారు గాని మన ప్రకృతమునకు దానిచే మార్పు లేదు.

ఈ తెల్లతల తుంగను ముస్తతుంగనుండి వేఱుచేయుటకుఁ బువ్వు లేని కాలమునఁ గూడ నొక మార్గ మున్నది: వేరు. దీని వేరు నేల పైపొరలోనే ప్రాఁకును, ఎఱ్ఱని పొలుసులతో నుండును, ఎడ నెడఁ గాడలు లేచును. దుంప మాత్ర ముండదు. నలిపినఁ గొంత పరిమళ మిచ్చుటచేతఁ గొందఱు భ్రమపడుదురు. పువ్వున్న కాలమున భూతద్దము చేతనున్నచో మఱియొక నిశ్చితమైన గుఱుతు: ముస్తతుంగపువ్వున కీలాగ్రము మూఁడు పాయలు, గింజ మూఁడంచులు, తెల్లతల తుంగకుఁ గీలాగ్రము రెండు పాయలు, గింజ పప్పుబద్దవలె నిరుప్రక్కల నొక్కఁబడినది.

వరిచేలలోని తుంగలు రెండు ముఖ్యములు. ఒకటి పసుపువన్నె చిఱుకంకులది, మఱియొకటి చిన్నచిన్న గుండ్రని ముద్దలుగాఁ బూయునది. రెండును నేఁటి కేఁడు గింజవలన మొలచి చచ్చునవి. పీఁకిన నార వేళ్ళే వచ్చును. చాపలకుఁ గోయు పొడుగు తుంగ మఱియొకటి. కాలువగట్లను మనిషియెత్తు పెరుగును. దాని కాడను జీల్చి యెండఁబెట్టి నేయుదురు. దానిని ముస్త యనువారు లేరు గావున విస్తరింపను.

వస్తువు తెలిసినది గనుక శబ్దమును జూతము. చురాదిగణమున ముస్తధాతువు సంఘాతార్థమునఁ జదువఁబడినది. సంఘాత మనఁ గూడుట, గుంపగుట. నేలలో మాలగాఁ గూడియుండు దుంపలను జూడనివానికి నీ వ్యుత్పత్తి కల్పితమువలెఁ దోఁచును, చూచినవానికిఁ దోఁచదు. కావున సంస్కృతమున ముస్తాశబ్దము దుంపను జూచి పుట్టి, మొక్కకు వ్యాపించిన దని నా యభిప్రాయము. తెలుఁగువా రింకొక సౌకర్యము చేసికొనిరి. మొక్కకుఁ దుంగ యను దేశ్యమును నిలుపుకొని, ముస్త యను తత్సమమును దుంపకు విడిచిరి. 'తుంగముస్తలు' అను మిశ్రసమాసమున కర్థము తుంగయొక్క ముస్తలని. తుంగయే ముస్త యని కాదు. అట్లైనఁ బునరుక్తి యగును గదా. కావ్యమున ముస్తాశబ్దము వచ్చినపుడు టీక వ్రాయువారు 'తుంగగడ్డి' యనుకంటెఁ 'దుంగముస్త' యని వ్రాసినచో నర్థము సరిగా నిలుచును.

దీని ఫలము కాళిదాసునియందుఁ జూడనగును. శాకుంతల ద్వితీయాంకమున వేఁట మాను దుష్యంతుఁడు, వరాహములు పల్వలమున నిర్భయముగా ముస్తలఁ బెకలించుకొనుఁగాక యని పలుకును. రఘువంశపు నవమసర్గమున దశరథుని వేఁటలోను వరాహమునకు ముస్తలతోడి సంబంధమే; ఋతుసంహారమున గ్రీష్మమున నెండిన చెఱువుబురదలో భద్రముస్తలకై పందులు త్రవ్వును. పంది గడ్డి మేయుట కీ శ్రమ యేల? మోరతో నేలఁ జీల్చుట దుంపకొఱకు. ముస్తాదము అని వరాహమునకుఁ బేరుండుటయు నిందులకే. 'తుంగగడ్డి మేయుచు' నని చెప్పిన తాత్పర్యము ఆ పల్వలపు బురదను, ఆ మోరను రెండింటిని గోలుపోవును.

అమరుఁడు ముస్తకు మేఘనామ మనియుఁ బేరు చెప్పెను. అనఁగా మేఘమున కెన్ని పేళ్ళున్నవో యన్నియు ముస్తకుఁ జెల్లును: ఘనము, అంబుదము, వారిదము, జలదము, అబ్దము. వైద్యగ్రంథములఁ జదువువారి కిది చిక్కులు దెచ్చును. కషాయయోగమున 'అబ్ద' మని యున్నచో మేఘ మని కాదు, సంవత్సర మనియుఁ గాదు. ఒక జ్వరకషాయమున నీ శబ్దమునకు 'ఏఁడాది నిలువయున్న' యని విశేషణముగా నర్థము చెప్పిన యొక బోధకుని నేనెఱుఁగుదును. ఆ కషాయమున ముస్తయే లేకపోయెను. ముస్తకు మేఘముపే రేల వచ్చినదని యడిగినచో, దుంప నలుపు నొక కారణము కావచ్చును. తొలకరి పడిన కొలఁది దినములకే యెండిన నేల నిండఁ దుంగ మొలచుట మఱియొకటి కావచ్చును. నాకు రెండవదే రుచించును.

కుడిప్రక్కఁ జేరు మువర్ణ మొకటి యోషధిని మార్చుట యిచ్చట గమనింపఁదగినది. తుంగ దేశ్యము, తుంగము తత్సమము. తుంగశబ్దమును సంస్కృతమున నుచ్ఛ్రితార్థమున వాడుదురు. అమరుఁడు పున్నాగపు పేళ్ళలోను జదివెను. పున్నాగ మనఁ బొన్న. అది పెద్దచెట్టు, ఇది నేలఁ బ్రాఁకునది. సంస్కృతాకారాంతము లమహత్తులు తెలుఁగున మువర్ణము దాల్చును గనుకఁ బొన్న 'తుంగము' అగును. దేశ్యమునకు మువర్ణము రాదు గనుక మన యోషధి 'తుంగ' గానే నిలుచును. 1858 నాఁటి బాలవ్యాకరణమును జదివిన బాలుఁ డీ రెండింటిని గలుపఁడు. కాని సమాసమున మువర్ణము లోపించినపుడు 'తుంగవనము' పొన్నతోఁపో, తుంగపొదయో, ప్రకరణమే చెప్పవలెను.

ఇట్టిదే గుంద్రాశబ్దము. అమరకోశమున స్త్రీలింగమగు గుంద్రా భద్రముస్త. పుంలింగమగు గుంద్రము శరము, అనఁగా బాణములకుఁ బనికివచ్చు రెల్లుజాతి గడ్డి. సంస్కృతమున లింగముచే నెఱుఁగవలసిన భేదమును దెలుఁగు ప్రత్యయముచే నెఱుకపఱచుచున్నది: ఆకారాంతము హ్రస్వమై 'గుంద్ర', అకారాంతము మువర్ణముతో 'గుంద్రము'. వ్రాఁతప్రతులలో నీ 'ము' జాఱినచోటఁ దుంగ గడ్డి యగును, గడ్డి తుంగ యగును. పరిష్కర్త లట్టి చోట్లఁ బాఠాంతరములను గుఱించుట యావశ్యకము.

ఇప్పుడు వానేయము. అమరుఁడు కుటన్నటము, దాశపురము, వానేయము, పరిపేలవము, ప్లవము, గోపురము, గోనర్దము, కైవర్తీముస్తకము అని యొక ముస్తభేదమునకుఁ బేళ్ళు చెప్పెను. వానేయ మనఁగా వనమునఁ బుట్టినది. ప్రత్యయము ఢక్కు, 'నద్యాదిభ్యో ఢక్' అను సూత్రముపైఁ గాశికాకారుఁడు గణమునఁ బూర్వనగరీశబ్దమును జెప్పి, కొందఱు దానిని బూర్వనగిరి యని చదివి, పూర్, వన, గిరి యని విడఁదీసి పౌరేయము, వానేయము, గైరేయము అను రూపములు సాధింతురని చూపి, రెండు పక్షములను బ్రమాణముగా నంగీకరించెను. రూపము సిద్ధించినది, అర్థమే సందిగ్ధము. వనశబ్దము అడవికిని జెల్లును, నీటికిని జెల్లును. వానేయము తోఁపులో మొలచినదా, నీటిలో మొలచినదా?

తోఁపు నర్థము చేసినచో నొక మనోహరమైన సంవాదము దొరకును. కొబ్బరినీడను బెరుగు తెల్లతల తుంగకు ఫార్‌స్టర్లు పెట్టిన నెమొరాలిస్ అను పేరునకు 'వానేయము' అనుటకంటె మంచి సంస్కృతము లేదు. ఈ సామ్యమును బట్టి యిదే యమరుని వానేయ మని కొందఱు వాదింపవచ్చును. ఈ వాదము నిలువదు. వాక్యపదీయమునఁ జెప్పిన యర్థనిర్ణయహేతువులలో సాహచర్య మొకటి. వానేయము ప్రక్కనున్న పేళ్ళెట్టివి? కైవర్తుఁడు పల్లెవాఁడు, దాశుఁడును బల్లెవాఁడే, ప్లవము నీటఁ దేలునది. ఇట్టి పేళ్ళ నడుమ నున్న వనశబ్దము జలమును జెప్పునే గాని యడవిని జెప్పదు. వస్తువును జూచినను నిదియే సిద్ధించును: ముస్తకము అని పేరుపొందుటకు సంఘాతమగు దుంప యుండవలెను, తెల్లతల తుంగకది లేదు. పేరు కలిసినంత మాత్రమున వస్తువు కలియదు.

సామర్లకోటలో 1793వఱకు నుండి మన సీమ యోషధులను బరిశీలించిన రాక్సుబరో వైద్యుఁడు ఆయా మొక్కల తెలుఁగుపేళ్ళను జనులనుండి విని తన గ్రంథములలోఁ జేర్చెను. ఆయన చేసిన పని మన కోశములందుఁ దగినంతగాఁ బ్రవేశింపలేదు. పొలమునఁ బేరు విని, మొక్కను జూచి, యటుపిమ్మట గ్రంథమును విప్పుట ఆయన క్రమము. మనము గ్రంథమునుండి గ్రంథమునకుఁ బోవుచున్నాము.

వైద్యులకు నిది మాటల తగవు గాదు. ముస్త, పర్పాటకము, ఉశీరము, చందనము, ఉదీచ్యము, నాగరము: ఈ యాఱింటితోఁ గాచిన షడంగపానీయము జ్వరమునఁ జరకోక్తము. భావమిశ్రుఁడు అనూపదేశమునఁ బుట్టిన ముస్త శ్రేష్ఠ మనియు, నందును నాగరముస్త మేలైన దనియుఁ జెప్పెను. నాగరముస్త పేర నంగళ్ళలో నమ్మునది 'సైపెరస్ స్కారియోసస్' అను వేఱొక తుంగయొక్క వేరని పలువురి మతము. దానినుండి తీసిన తైలము పరిమళద్రవ్యములలోఁ జేరును. కోనసీమ ముస్తను స్వయముగాఁ దెచ్చుకొనువారు దుంపను గోసి చూడవలెను: లోపలి తెలుపు, చేఁదు, పరిమళము మూఁడును గలిగినదే గ్రాహ్యము. దుంప లేని నారవేళ్ళను, ఎఱ్ఱపొలుసుల వేళ్ళను విడువవలెను.

కృషీవలునకు మాత్రము దీనిపై నింత గౌరవము లేదు. 1977లో వెలువడిన యొక ప్రసిద్ధ గ్రంథము లోకమందలి దుష్టమగు కలుపు మొక్కలను లెక్కించి, తొంబదికిఁ బైఁబడిన దేశములలోఁ గానవచ్చుచున్న దని ముస్తతుంగకే ప్రథమస్థాన మిచ్చెను. దున్నిన నది చావకపోవుటకుఁ గారణము మన ధాత్వర్థమునందే యున్నది. మాల తెగకున్నంతకాల మందలి దుంపలు పెక్కులు నిద్రించును. నాఁగలి మాలను ద్రెంచినపుడు వేఱుపడిన ప్రతి దుంపయు మొలచును. ఒకటి కోసిన పదియగు ననుట తుంగపట్ల నతిశయోక్తి గాదు. పైయాకు గొరిగినఁ బ్రయోజనము లేదు. దుంపలను ద్రవ్వి యెండలోఁ బఱచి యెండఁబెట్టవలెను, లేదా నీడచే నణఁపవలెను. తోఁటనీడ చేయు పని యదియే.

రాఁబోవు కోశములలోఁ జేర్పఁదగిన రూపమును విమర్శకుల పరిశీలనకై యిచ్చట వ్రాయుచున్నాను. "తుంగ: దే. మూఁడంచుల నిండు కాడయు, మూఁడు వరుసల యాకులును, చీలని తొడుగును గల యోషధి, తృణము గాదు. విశేషించి, నల్లని పరిమళపు దుంపలు మాలగాఁ గలది. దాని దుంప ముస్త. పొన్నయను నర్థమున తుంగము వేఱు." ఇందుఁ దొలఁగింపఁదగిన దున్నను, జేర్పఁదగిన దున్నను, తొలకరి వానలు పడిన యొక పక్షమునకుఁ బాఱ చేతఁబట్టి తమ యూరి తోఁటగట్టును, ఎండపట్టు చేనిగట్టును రెండింటిని ద్రవ్వి చూచి తెలుపఁగోరెదను. వసిష్ఠకుఁ బడమర నే పేళ్ళు వాడుకలో నున్నవో యాప్రాంతమువారు వ్రాసినచో మఱియు మేలు.